చాకలిపేట అరుగు నుండి ఆటల తెర వరకు

చెన్నపట్టణమునకు ఉత్తర దిక్కున, రాయపురమునకును తండయారుపేటకును చేరువగా నున్న పేటను ఆంగ్లేయులు వాషర్‌మెన్‌పేట్ అనిరి. తమిళులు వణ్ణారపేట్టై అందురు. మన పెద్దలు చాకలిపేట యనియే వ్యవహరించిరి. మూడు పేర్లకును అర్థ మొక్కటియే. 1639లో చెన్నపట్టణమునకు పునాది పడిన పిమ్మట ఈస్టిండియా కంపెనీ వారు ఇచ్చటినుండి ఓడ కెక్కించిన సరకులలో ముఖ్యమైనది బట్ట. మగ్గము నుండి దిగిన బట్టను ఉదికి, చలువచేసి, ఆరవేసి, మడతపెట్టినగాని అది ఓడ కెక్కుటకు తగినది కాదు. ఆ పనిచేయువారు నీరును, ఆరుబయలును దొరకుచోట నివాసము లేర్పరచుకొనిరి. అట్లు పుట్టిన పేట యిది. వారివెంట నేతగాండ్రును, వర్తకులును వచ్చిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. 1852లో జన్మించి, చెన్నపట్టణపు నగరపాలక సంస్థకు అధ్యక్షుడై, 1925లో కీర్తిశేషుడైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు ఈ పేటకు చెందిన తెలుగు దేవాంగ వంశీయులే. 1950లో ఆయన పేరిట వెలసిన కళాశాల నేటికిని ఈ పేటలో విద్యాదానము చేయుచున్నది.

ఈ పేట చరిత్ర వ్రాయువారు సాధారణముగా బట్టను గూర్చియు, వర్తకమును గూర్చియు, రాజకీయములను గూర్చియు వ్రాయుదురు. ఆటను గూర్చి వ్రాయరు. ఆట చిన్నపిల్లల వ్యవహారమనియు, చరిత్రకు ఎక్కదగినది కాదనియు మన యభిప్రాయము. కాని నేడు ప్రతి గృహమునందును ఆటను గూర్చియే తగవు జరుగుచున్నది. పిల్లవాని చేతిలో సెల్‌ఫోను; దానిలో ఆట. తల్లి కోపించును, తండ్రి గద్దించును, తాత నిట్టూర్చును. ఆట చదువును చెరచునా, లేక చదువునకు తోడ్పడునా? రోగము తెచ్చునా, రోగమును మాన్పునా? ఈ ప్రశ్నలకు కోపముతో సమాధానము చెప్పుట సులభము. చరిత్రను బట్టి సమాధానము వెదకుట కొంచెము కష్టము. ఆ కష్టమునకు పూనుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన పూర్వుల యిండ్లకు అరుగు లుండెడివి. వీధిబడి పంతులు పిల్లలను కూర్చుండబెట్టి ఇసుకలో అక్షరములు దిద్దించినది ఆ యరుగు మీదనే. ఆడపిల్లలు వామనగుంటలు ఆడుకొన్నదియు ఆ యరుగు మీదనే. ఒకే స్థలము బడియు, ఆటస్థలమును అయ్యెను. ఈ సంగతి చిన్నదిగా తోచవచ్చును గాని, దీని ఫలము ఖండాంతరములకు ప్రాకినది. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఈ దేశపు బాలురు ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుకొనుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. ముందు నేర్చిన బాలుడు వెనుకటివానికి నేర్పుట అందలి రెండవ సూత్రము. 1797లో ఆయన దీనిని గూర్చి లండనులో ఒక చిన్న పుస్తకము ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండులోని పాఠశాలలందు వ్యాపించినది. ఇసుకలో తప్పు వ్రాసినచో అరచేతితో చెరిపివేయవచ్చును. కాగితము ఖర్చు లేదు, తప్పునకు భయము లేదు. తప్పుచేసి, చెరిపి, మరల ప్రయత్నించు ఈ స్వేచ్ఛయే ఆటకును చదువునకును గల మొదటి చుట్టరికము. దీనిని జ్ఞాపకముంచుకొన కోరుచున్నాను. ముందు మరల దీని యవసరము కలుగును.

వామనగుంటల పీటలో వరుసకు ఏడేసి చొప్పున రెండు వరుసల గుంట లుండును. చింతపిక్కలో గవ్వలో అందు పోసి, ఒక గుంటలోనివి తీసి తక్కిన గుంటలలో ఒక్కొక్కటిగా పంచుకొనుచు పోవలెను. ఏ గుంటనుండి తీసినచో చివరి పిక్క ఎచ్చట పడునో ముందుగా లెక్కించుకొన్నవారిదే గెలుపు. పలక పట్టని ఆడపిల్లలు కూడ ఈ విధముగా కూడికలును, తీసివేతలును, భాగహారమును అభ్యసించిరి. పులిజూదమున రెండు పక్షములకు సమానమైన బలము లేదు. పులులు కొద్ది, మేకలు పెక్కు. దుర్బలులు కూడి నిలిచినచో బలవంతుని కట్టివేయవచ్చునని ఆ యాట నేర్పును. వైకుంఠపాళిలో నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు. వైకుంఠ ఏకాదశి రాత్రి జాగరణమునకు కూర్చుండి ఆడిన ఆ పటము పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ఇంగ్లండు చేరి, పుణ్యపాపముల పేర్లు క్రమముగా పోగొట్టుకొని, వట్టి పాములును నిచ్చెనలును మాత్రమే మిగిలిన ఆటయైనది. అచ్చనగాయలు చేతికిని కంటికిని పొందిక నేర్పినవి.

దూరముననున్న వారు ఒకరి నొకరు చూడకుండ ఆడుట నేటి వింతయని మనము తలంతుము. 1828-29 సంవత్సరములలో మద్రాసు, హైదరాబాదు నగరముల చదరంగపు ఆటగాండ్రు ఉత్తరముల ద్వారా పోటీ నడపిరి. ఒక ఎత్తు టపాలో పోయి, దానికి ప్రత్యుత్తరము టపాలో రావలెను. ఆ పోటీలో మద్రాసు పక్షమున ఆడిన ఘులాం కాసిం, జేమ్స్ కాక్రేనుతో కలిసి చదరంగమున ఒక ప్రారంభవిధానమును గూర్చి రచించిన గ్రంథము 1829లో మద్రాసులోనే అచ్చయినది. ఓపిక యెంత గొప్ప విద్యయో ఆ టపా ఆట నేర్పియుండవలెను.

ఇక గణకయంత్రపు ఆటల కథ. ఆ కథకును మగ్గమునకును సంబంధమున్నదన్నచో నేతపని ఎరిగిన మన పేటవారు సంతోషింతురు. ఫ్రాన్సు దేశమున 1804 ప్రాంతమున జకార్డు అను నాతడు రంధ్రములు గల అట్టముక్కల వరుసతో పట్టుబట్టలో పూలు నేయు మగ్గమును సిద్ధము చేసెను. ఏ పోగు లేవవలెనో, ఏ పోగు నిలువవలెనో రంధ్రమే ఆజ్ఞాపించును. ఇంగ్లండున చార్లెసు బాబేజి ఆ యట్టముక్కల భావమును 1830 దరిమిలా తన గణకయంత్ర ప్రణాళికలోనికి తీసికొనెను. నేటి కంప్యూటరునకు ఆదేశము లిచ్చు పద్ధతి ఆ వంశములోనిదే. అనగా తెర మీద పరుగెత్తు బొమ్మకు తాత మగ్గముమీది పువ్వు.

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమున విలియం హిగిన్‌బాథం అను శాస్త్రజ్ఞుడు, ప్రయోగశాలను చూడవచ్చు ప్రజలకు విసుగు కలుగకుండుటకై, ఒక చిన్న గుండ్రని తెర మీద వెలుగుచుక్కను బంతిగా చేసి టెన్నిసు ఆడించెను. 1962లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు యువకులు అంతరిక్షనౌకల యుద్ధమును ఆటగా కూర్చిరి. 1972లో ఇంటిలోని టెలివిజనుకు తగిలించి ఆడు యంత్రము అంగడికి వచ్చెను. అంతకు ముందే, 1971 డిసెంబరులో, మినియాపొలిసు నగరమున ఉపాధ్యాయ శిక్షణలోనున్న మువ్వురు విద్యార్థులు చరిత్ర పాఠమునకై ఒక ఆటను తయారుచేసిరి. పందొమ్మిదవ శతాబ్దమున బండ్లు కట్టుకొని పశ్చిమమునకు వలసపోయిన కుటుంబముల కథ అది. తెర లేదు, టైపు యంత్రము కాగితము మీద ప్రశ్న ముద్రించును, పిల్లలు సమాధానము కొట్టవలెను. ఆహారము చాలునా? నది దాటవలెనా, ఆగవలెనా? ఆరిగన్ ట్రెయిల్ అను ఆ యాట తరువాత అనేక సంవత్సరములు అమెరికా బడులలో నడచెను. పిల్లవాడు చరిత్రను వినుట మాని, అందులో ఒక మనిషియై నిర్ణయములు చేసెను. తప్పుచేసి, మరల మొదలిడెను. ఎగ్మూరు ఇసుకలోని సూత్రము ఇదియే గదా!

ఆట విద్యార్థికే కాక విద్వాంసులకును సాయపడిన ఘట్టమొకటి కలదు. ప్రోటీను అణువు ఏ విధముగా ముడుచుకొనునో కనుగొనుట జీవరసాయనములో కఠినమైన సమస్య. 2008లో వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు దీనిని ఫోల్డిట్ అను ఆటగా మార్చి లోకుల ముందుంచిరి. కోతులలో ఎయిడ్సు వంటి వ్యాధిని కలిగించు వైరసునకు చెందిన ఒక ఎంజైము రూపము శాస్త్రజ్ఞులకు పదిసంవత్సరములకు పైగా చిక్కక యుండెను. ఆటగాండ్రు కొలది వారములలో దాని నమూనాను సాధించిరి. ఆ ఫలితము 2011లో ప్రకటింపబడినది. వారిలో చాలమంది ఆ శాస్త్రము చదివినవారు కారు.

ఆరోగ్యమునకు వత్తము. మందు చేదు, చిరకాలపు మందు మరింత చేదు. క్యాన్సరు వచ్చిన యువకులు ఇంటివద్ద మ్రింగవలసిన మాత్రలు సరిగా మ్రింగక చికిత్సను పాడుచేసికొనుట వైద్యులకు తెలిసిన విషయమే. 2006లో అమెరికాలో రీ-మిషన్ అను ఆట వెలువడెను. అందు చిన్న వీరాంగన రోగి శరీరములో ప్రవేశించి క్యాన్సరు కణములను వేటాడును. మాత్ర తప్పినచో ఆమె యాయుధము బలహీనమగును. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశములలో 34 చికిత్సాకేంద్రములందు 375 మంది యువరోగులపై జరిపిన పరిశోధనను 2008లో ప్రకటించిరి. ఆ యాట ఆడినవారు మందును మరింత క్రమముగా తీసికొనిరని అందు తేలెను. ఆట క్యాన్సరును మాన్పలేదు. మాన్పు మందును మ్రింగు మనస్సును కలిగించెను. ఈ భేదమును మరువరాదు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణాధికారులు ఎనిమిది మొదలు పన్నెండేండ్ల వయస్సుగల పిల్లలలో ఏకాగ్రతాలోపమునకై ఒక వీడియో ఆటను వైద్యుని చీటిపై ఇచ్చుటకు అనుమతించిరి. అదియును తక్కిన చికిత్సకు తోడే కాని, దానికి బదులు కాదు.

మన సమీపముననే దీనికి ఉదాహరణ మున్నది. చాకలిపేట ప్రక్కనున్న స్టాన్లీ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్సకు ప్రసిద్ధి. యంత్రములో నలిగిన చేయి, పక్షవాతముతో మూసికొన్న చేయి శస్త్రచికిత్సతోనో మందుతోనో పూర్తిగా తిరిగిరాదు. ఒకే కదలికను వేలసార్లు చేయవలెను. ఆ విసుగే రోగికి పెద్ద శత్రువు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారును మద్రాసు ఐ.ఐ.టి. వారును కలిసి పక్షవాతము మొదలగు వ్యాధులతో చచ్చుపడిన చేతికై ప్లూటో అను చిన్న యంత్రమును నిర్మించిరి. రోగి దాని పిడి పట్టుకొని మణికట్టును త్రిప్పినచో ఎదుటి తెర మీద ఆట నడచును. చేయి చేయలేనంత మేరకు యంత్రము సాయము చేయును. రోగి చూపు చేతి బాధ మీద కాక ఆట మీద నుండును. అచ్చనగాయలు ఎగురవేసిన మన ముత్తవ్వలకు ఇందలి కీలకము వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ విషయము అంగవైకల్యము గలవారికి ఆటలో చోటు. లోకములో ఆటలు చేసినవారు రెండు చేతులు, పది వ్రేళ్లు, రెండు కన్నులు గలవారినే తలచుకొని చేసిరి. తక్కినవారు ప్రక్కన కూర్చుండి చూడవలసినదే. 1989లో నింటెండో కంపెనీ చేతులు కదలని వారికై గడ్డముతో త్రిప్పి, గొట్టములో ఊది పీల్చి ఆడు సాధనమును తయారుచేసెను. 1997లో జపానులో బొమ్మలే లేని, వినికిడి మీదనే నడచు ఆట యొకటి అంధులను ఉద్దేశించి వెలువడెను. 2018లో మైక్రోసాఫ్టువారు రెండు పెద్ద మీటలుగల సాధనమును విడుదలచేసి, దానికి కాలితో నొక్కునది, మోచేతితో నొక్కునది, ఎవరికి వీలైనది వారు తగిలించుకొను ఏర్పాటు చేసిరి. 2020లో వెలువడిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగమున చూపు, వినికిడి, కదలికల లోపములుగల వారికై అరువదికి పైగా సదుపాయము లుండెను. చూపులేని వారును ఆ యాటను తుదిముట్ట ఆడగలిగిరి. ఇది దయాధర్మము కాదు. బడికి మెట్లు కట్టినవాడు వాలుదారియు కట్టవలెను, ఆటయు అట్టిదే. తోటిపిల్లలతో ఆటలో చేరిన బాలుడు వారి మాటలలోను, స్నేహములోను చేరును. ఆట గుమ్మమువద్ద ఆపబడిన బాలుడు అంతటను ఆపబడిన వాడే.

యంత్రము లేని యాటయు ఈ పని చేయగలదనుటకు మన పేటయే సాక్షి. ఉత్తర చెన్నపట్టణపు ఇరుకు సందులలో క్రికెట్టుకు మైదానము చాలదు. ఇరువదితొమ్మిది అంగుళముల చదరపు క్యారమ్ పలకకు మాత్రము ప్రతి యింటి ముందును చోటుండును. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక ఎర్రది, పదునైదు గ్రాములకు మించని స్ట్రైకరు, కొంచెము పొడి. అంచునకు తగిలిన కాయ ఏ కోణమున పోయి యే కోణమున వచ్చునో క్షేత్రగణితము చదువని బాలుడును చెప్పగలడు. కూర్చుండి ఆడునది కావున కాళ్లు లేనివానికిని, వృద్ధునికిని, గర్భిణికిని అందు సమానస్థానమే. 1988లో అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య వెలసినది చెన్నపట్టణముననే. ఈ నగరమునకు చెందిన మరియ ఇరుదయం రెండుసార్లు ప్రపంచ విజేతయై 1996లో అర్జున పురస్కారము పొందెను. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీలలో మూడు స్వర్ణపతకములు గెలిచిన ఎం. ఖాజిమా కొత్త చాకలిపేట చెరియన్ నగరపు బాలిక. ఆటోరిక్షా నడపువాని బిడ్డ. వీధిచివరి క్యారమ్ పలకను చూచి ముఖము చిట్లించిన పెద్దలు ఆ దినమున ఏమనుకొనిరో!

ఇంతవరకు ఆట పక్షమున వాదించితిని. ఎదుటి పక్షము వాదమును న్యాయమైనదే. మన వాఙ్మయమునకు జూదపు భయము క్రొత్త కాదు. ధర్మరాజు పాచికలు భారతమునకు మూలము. పలనాటి కోడిపందెము ఒక వంశమును అడవులపాలు చేసినది. పూర్వులు ఆటకును జూదమునకును గీత గీసి చూపిరి. ఆడువాడు మునిగిపోవుట వేరు, సొమ్ము మునిగిపోవుట వేరు; రెండును వచ్చినచో సర్వనాశనము. ప్రపంచారోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలుచేసిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె దానికే ప్రాధాన్య మిచ్చుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట, సాధారణముగా ఒక సంవత్సరకాలము ఇట్లుండుట దాని లక్షణములు. కావున గంటసేపు ఆడిన ప్రతి బాలుడును రోగి కాడు. కాని రోగము లేదనుటయు తప్పు. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ శాసనముచే నిషేధించినవి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చేసిన చట్టము సొమ్ము పందెపు ఆటలను నిషేధించుచు, విద్యకును వినోదమునకును పనికివచ్చు ఆటలను వేరుచేసి ప్రోత్సహింప దలచినది. అరుగుమీది అవ్వ గీసిన గీతనే శాసనకర్తలు మరల గీసిరి.

ఇప్పుడు మన సొంత విషయము. ఈ పేటలో తెలుగు ఇండ్లలో వినబడును. పలకమీద కనబడుట అరుదైనది. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ అభ్యసన చట్టము వలన పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరియైనది. ఈ గడ్డమీద నుండి తమిళము నేర్చుట మన ధర్మము, అందుకు విచారింపను. విచారమంతయు, మన పిల్లలు తెలుగు మాటలాడుచు తెలుగు చదువలేకపోవుటను గూర్చి. తాత వ్రాసిన ఉత్తరము మనుమనికి బొమ్మగా తోచుచున్నది. వారిని ఆదివారము బడికి పిలిచితిమి. కొందరు వచ్చిరి, పెక్కుమంది రాలేదు. త్యాగరాయ చెట్టిగారి కాలమున, 1920లో, నగరపాలక సంస్థ థౌజండ్ లైట్సులోని బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టెను. ఆకలిగొన్న పిల్లవానిని అక్షరము పిలువలేదు, అన్నము పిలిచినది. అన్నముకొరకు వచ్చినవాడు అక్షరము నేర్చెను. నేటి మన పిల్లలకు అన్నపు ఆకలి తగ్గినది. ఆట ఆకలి తగ్గలేదు. ఆ యాకలికి మనమేమి పెట్టుచున్నాము?

తెలుగు లిపి 1991లోనే యూనికోడులో చేరినది. కంప్యూటరులోను సెల్‌ఫోనులోను తెలుగు వ్రాయుటకు, చూపులేనివారికి యంత్రము తెలుగును చదివి వినిపించుటకు సాధనములున్నవి. గుంటకొక అక్షరము పెట్టి వామనగుంటలు ఆడింపవచ్చును. పిక్కలు పంచుకొనుచు పోయినచో పదము కావలెను. వైకుంఠపాళిలో నిచ్చెనకు ఒక సామెత, పాము నోట ఒక తప్పు సంధి పెట్టవచ్చును. అక్షరము ముట్టినచో ధ్వని వినబడవలెను, అపుడు అంధ బాలుడును ఆడును. మీట పెద్దదిగా నుండవలెను, అపుడు వణకుచేతి తాతయు మనుమనితో ఆడును. సొమ్ము పందెము ఉండరాదు. ఆట ఎచ్చట ముగియునో తెలియవలెను, అపుడు తల్లి భయపడదు. ఇందు ఏదియు మన శక్తికి మించినది కాదు. మన పేటలనుండి కంప్యూటరు విద్య చదివి దేశదేశములందు ఉద్యోగములు చేయు యువకులు ఇంటికొకరు గలరు. వారిని సంఘము అడుగవలసినది విరాళము మాత్రమే కాదు. ఒక సెలవునాటి పనిని కూడ అడుగవలెను.

మగ్గము దిగిన బట్టను ఉదికి వెలుగు తెచ్చిన వారి పేరున పుట్టిన పేట యిది. బట్టకు మురికి అంటినదని వారు పారవేయలేదు, ఉదికిరి. ఆటకు అంటిన మురికియు కలదు. పారవేయుదమా, ఉదుకుదమా యనునదే మన ముందున్న ప్రశ్న. పాఠక మహాశయులారా, ఈ రాత్రి ఇంటికి పోయి పిల్లవాని చేతిలోని ఫోను లాగుకొనుటకు ముందు ఒకసారి అతని ప్రక్కన కూర్చుండుడు. ఏమి ఆడుచున్నాడో అడుగుడు. ఆ తరువాత అటకమీది వామనగుంటల పీట దించి, నాలుగు చింతపిక్కలు పోసి, మీ అవ్వ ఆడినట్లు ఒక ఆట ఆడి చూపుడు. ఇద్దరును నేర్చుకొందురు.